రెండడుగుల ఎడం

ఎల్లేశంకు మట్టి మీద ఉన్న ఆశ పెండ్లాం మీద గూడ లేకుండె. ఈ మాట అన్నది వేరెవలో కాదు, ఆయన పెండ్లాం సారవ్వనే.

అందుల అబద్ధమేం లేదు. పుట్టిన ఊర్ల ఎల్లేశం నాయిన పేరు మీద గజం జాగ లేకుండె. ముసలాయన బతికినన్నొద్దులు దొర పొలంల నాగలి పట్టి, ఆఖరుకు కాలబెట్టనీకి గూడ ఎవలిదో ఒడ్డు బతిమాలుకోవాల్సి వచ్చింది. ఎల్లేశం అది మరిచిపోలే. బొగ్గుబాయిల ఫిల్లరు కొలువు దొరికి గోదావరిఖనికి వచ్చి, టబ్బులల్ల బొగ్గు నింపి నింపి చేతులు కాయలు కాసినంక కంపెనీ క్వార్టరు ఇచ్చింది. సారవ్వ లోపటికి పోయి వంటింట్ల పొగ పోయే సందు ఉన్నదా లేదా అని చూసింది. ఎల్లేశం లోపటికే రాలే. వరుసల ఆఖరు క్వార్టరు గాబట్టి గోడ పక్కపొంటి ఇంత జాగ మిగిలింది. అక్కడ నిలవడి, పిడికెడు మట్టి తీసి వాసన చూసి, కండ్లకద్దుకున్నడు.

ఆ జాగ ఎంతనంటే, నాలుగు నులక మంచాలు వేస్తే నిండిపోతది. ఎల్లేశం అందుల వంకాయ నారు పెట్టిండు. వంకాయ సందులల్ల టమాట పెట్టిండు. టమాట సందులల్ల మిరప పెట్టిండు. ఇంకా ఎక్కడన్న వేలు పట్టే సందు కనవడితే అక్కడ బెండ గింజ గుచ్చిండు.

"కాలు పెట్టనీకన్న జాగ ఉంచయ్యా. రేపు కాయ కాస్తే ఎట్ల తెంపుత?" అన్నది సారవ్వ.

"కాలు పెడితే ఏం కాస్తదే? కూర కాస్తదా?" అన్నడు ఎల్లేశం.

ఇంట్ల గూడ అదే లెక్క. ఒకటిన్నర గది కొంపల ఐదుగురు పిల్లలు. పెద్దోనికి ఇంకా ఎనిమిదేండ్లు నిండలే. చిన్నది ఇంకా చంకల. నడుమ ముగ్గురిల ఎవలు ముందో ఎవలు వెనుకో కొత్తోళ్లకు తెల్వది. ఒకలు పాలు మానకముందే ఇంకొకలు. పొద్దుగాల నల్లా కాడ బిందె ఎత్తుకుంటుంటే సారవ్వకు కండ్లు బైర్లు కమ్ముతుండె. ఎప్పుడన్న ఆ మాట ఎత్తితే ఎల్లేశం కాడ జవాబు తయారుగ ఉండేది.

"జాగ కంపెనీ ఇచ్చింది, పిల్లలను దేవుడిచ్చిండు. ఉట్టిగ ఉంచితే పాపం."

దడి అవతల, పక్క వరుసల ఆఖరు క్వార్టరు మత్తయిది. బాయిలకు దిగేటోళ్లకు దీపాలిచ్చే లాంపు రూముల క్లర్కు ఆయన. చర్చిల పెద్దమనిషి. పాయిఖానకు పోయినా ఇస్త్రీ అంగీ ఇడువడని పేరు. ఒకసారి ఏదో కాయిదం మీద సంతకం కోసమని మేనేజరు బంగళాకు పోయి, అక్కడ గులాబీ తోట చూసి వచ్చిండు. అప్పటిసంది మనిషి మారిపోయిండు.

"బంగళాల చూసిన ఎల్లేశం, ఒక్కో చెట్టు దొర తీరుగ ఒంటిగ నిలవడ్డది. దాని మర్యాద దానికున్నది. నీ తోట ఏందిరా, జీతాల నాడు కల్లు దుకాణం లెక్కున్నది" అనేటోడు.

మర్యాద కోసం మత్తయి అంతే జాగల నాలుగు మూలలకు నాలుగు వంకాయ చెట్లు, నడుమ రెండు టమాట చెట్లు పెట్టిండు. ఒక చెట్టుకు జ్వరమొస్తే ఇంకో చెట్టుకు కార్డు రాస్తే గాని తెల్వది. మిగిలిన జాగంత తుంగ, గరిక మర్యాద లేకుంట పెరిగినయి. కాయలైతే నున్నగ, బరువుగ, సూడముచ్చటగ కాసినయి. కాని ఉన్నయే ఆరు చెట్లైతే కూర ఎన్ని పూటలకు వస్తది? యేసమ్మ, అంటే మత్తయి భార్య, ఒక్క కాయను ఎనిమిది ముక్కలు చేసి నీళ్ల పులుసు పెట్టేది.

ఎల్లేశం తోటల అట్ల కాదు. చెట్లు ఒకదాని మీది నుంచి ఒకటి వెలుతురు కోసం ఎగవడి ఎగవడి మనిషెత్తు లేచినయి. దూరం నుంచి చూస్తే అడివి. దగ్గెరికి పోతే కాయలు పిల్లలాడే గోటీలంత. అంచుకున్న చెట్లకే నాలుగు కాయలు దొరికేటివి, లోపటిది ఎవలు చూడలే, చూడనీకి దారి లేదు.

"నా తోట చూడు, పచ్చదనం కుప్పవోసినట్టు" అని ఎల్లేశం. "నా కాయ చూడు" అని మత్తయి. ఇద్దరు దడికి అటొకలు ఇటొకలు నిలవడి డ్యూటీ టైమయ్యేదాక గులుగుకునేటోళ్లు. వాళ్లటు బాయికి పోంగనే కూరగాయల మల్లక్క గంప నెత్తిన పెట్టుకొని ముందు సారవ్వ వెనుక వాకిలికి, తర్వాత యేసమ్మ వెనుక వాకిలికి వచ్చేది. ఇద్దరికి వంకాయలు అమ్మేది.

"మీ మొగోళ్ల తోటలు ఇట్లనే సల్లగుండాలె బిడ్డా. నా బేరం ఆగది" అనేది మల్లక్క, త్రాసు సరిచేసుకుంట.

అవి ఎమర్జెన్సీ రోజులు. డెబ్బై ఆరుల వానలు వెనుకకు పట్టి చలి మొదలైన కాలం. మొగోళ్ల గుండెలల్ల ఒక్కటే భయం ఉండె, పిల్లలు కాకుంట చేసే ఆపరేషన్. ఎక్కడనో రైలుకు టికెటు లేనోళ్లను పట్కపోయి కోసిన్రట. ఇంకెక్కడనో సినిమా చూసి బయటికొచ్చినోళ్లను వ్యానుల ఎక్కించుకున్నరట. ఎవలు చూసిన్రు అంటే ఎవలు చూడలే, అందరికి తెలుసు. బాయిలకు దిగితే కప్పు కూలుతదని భయపడని మొగోళ్లు తెల్లకోటు చూస్తే తొవ్వ మర్లుతుండిరి.

సరిగ్గా అప్పుడే కాలనీ వెల్ఫేరు సారుకు క్వార్టరు క్వార్టరుకు కూరగాయల తోట ఉండాలె అనే ఆలోచన పుట్టింది. కార్మికుల పెరడ్లు చూడనీకి పోయిండు. సగం అడివి, సగం ఎడారి. ఇది కాదని కరీంనగర్ నుంచి తోటల పని చెప్పే ఒక సారును పిలిపిచ్చిండు. ఆయన పేరు వేదాద్రి. కృష్ణా జిల్లా మనిషి. చదువుకున్న చదువంత పుస్తకాల తెలుగుల చదివిండు, మాట్లాడుడు గూడ దాదాపు అట్లనే. ఆదివారం పొద్దుగాల క్లబ్బుల ఉపన్యాసం పెట్టిన్రు. చాటింపు పని మైకు బుచ్చన్నకు అప్పజెప్పిన్రు.

బుచ్చన్న రిక్షాకు మైకు కట్టుకొని సినిమాలు, యూనియన్ సభలు, సావులు అన్ని ఒకటే గొంతుతోని చెప్పేటోడు. వెల్ఫేరు సారు ఇచ్చిన కాయిదం ఇంత పొడుగు ఉండె. 'కూరగాయల మొక్కల నాటుటలో పాటించవలసిన ఎడము, దాని వలన దిగుబడిలోను నాణ్యతలోను కలుగు మార్పులు' అని. అంత పొడుగు చదువుతే ఊపిరి ఆగుతదని బుచ్చన్న దాన్ని తన తీరుగ కట్ చేసిండు.

"కార్మిక సోదరులారా! ఎడం! ఎడం పాటించాలె! దగ్గెర దగ్గెర వద్దు! ఆదివారం పొద్దుగాల క్లబ్బుకు కరీంనగర్ సారు వస్తున్నరు! మొగోళ్లందరు తప్పకుంట రావాలె! వచ్చినోళ్లకు ప్లాస్టిక్ బకీటు ఉచితం!"

బకీటు మాట విన్నంక ఇంక ఎవలకు అనుమానం మిగల్లే. ఆపరేషన్ చేపించుకున్నోళ్లకు ఏదో ఒకటి చేతుల పెడుతరని లోకమంత ఎరుకే గద!

ఆదివారం పొద్దు పొడవకముందే కాలనీల మొగ పురుగు లేదు. వారపు సెలవున్నోళ్లు గూడ అన్నం గిన్నె పట్టుకొని బాయి కాడికి పోయి, డ్యూటీ ఇయ్యుమని కొట్లాడిన్రు. రోజు పని ఎగ్గొట్టేటోళ్లు గూడ ముందు వరుసల నిలవడితే మేనేజరుకు ఏం సమజ్ గాలే, దేశంల క్రమశిక్షణ వచ్చిందని మురిసిపోయిండు. మత్తయి చర్చికి పోయిండు. ఆరాధన అయిపోయినా బయటికి రాలే, ఇంకో కీర్తన పాడుదామని, అదైనంక మరొకటని పాస్టరును ఆపుకుంట కూసున్నడు.

ఎల్లేశం రాత్రి షిఫ్టు చేసొచ్చి మొద్దు నిద్ర పోయిండు. లేచి చూసేసరికి పొద్దెక్కింది, వాడకట్టు ఖాళీ.

"సచ్చిన! నన్నెందుకు లేపలేదే?" అని లొల్లి పెట్టిండు.

"ఎందుకు లేపాలె? సారు చెప్పేది విను. విన్నంత మాత్రాన చెవులు కోస్తడా?" అన్నది సారవ్వ జడేసుకుంట.

"చెవులైతే కోయనిస్తునే!" అన్నడు ఎల్లేశం. ఇటు చూసి అటు చూసి, దిక్కు తోచక, ఒంగి ఒంగి తన తోటలకు జొరవడ్డడు. ఆకులు కదిలినయి. తర్వాత నిమ్మలమైనయి. మనిషి లేడు.

సారవ్వ నవ్వలే. అంతకుముందే ఆమె మనసుల ఇంకో మాట తిరుగుతుండె. ఎడం అని మైకుల విన్నకాడి నుంచి ఆమెకు రెండు రాత్రులు నిద్ర లేదు. భయంతోని కాదు. కాన్పుకు కాన్పుకు నడుమ ఎడం ఉండాలన్న మాట ఇన్నేండ్లకు ఎవలో ఒకలు గట్టిగ, మైకు పెట్టి చెప్తున్నరు. మొగోళ్లు పోకపోతే మనం పోతే ఏం పోయింది? చంటిదాన్ని చంకల వేసుకొని దడి కాడికి పోయి "యేసమ్మక్కా" అని పిలిచింది. యేసమ్మ కంపెనీ దవాఖానల ఆయా. ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కొని నిలవడ్డది. తొవ్వల ముసలి లస్మవ్వ తోడైంది. ఆమె వెనుక వాడకట్టు వాడకట్టే కదిలింది.

వేదాద్రి సారు మొగోళ్ల కోసమని గొంతు సవరించుకొని తయారైండు. క్లబ్బు తలుపు తీస్తే లోపలంత చీరె కొంగులు. వెల్ఫేరు సారు లేచి, "స్త్రీలే దేశానికి వెన్నెముక" అని ఒక ముక్క చెప్పి, పనుందని ఎల్లిపోయిండు.

వేదాద్రి మొదలు పెట్టిండు.

"అమ్మలారా! ఎడము అనునది ఫలసాయమునకు ప్రాణము. మీ కాలనీలో నేను చూస్తున్న పరిస్థితి ఏమిటి? ఒకదాని పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి! ఉన్న కాస్త బలాన్నీ ఇన్ని పంచుకుంటే ఏమవుతుంది? అన్నీ సన్నగా, పాలిపోయి, రోగాలతో పెరుగుతాయి. అవునా, కాదా?"

"నిజం సారూ" అన్నరు వెనుకనుంచి ఎవలో.

సారవ్వ చంకలున్న పిల్లను చూసుకున్నది. పిల్ల చేతులు చీపురు పుల్లలు.

"గాలి ఆడాలి. వెలుతురు తగలాలి. అన్నిటికన్నా ముందు నేలకు విశ్రాంతి కావాలి. తల్లి వంటిది కదా నేల! దాని సత్తువ ఎన్నిటికని ఇస్తుంది?"

ముసలి లస్మవ్వ కొంగుతోని ముక్కు తుడుచుకున్నది. "ఈ ముక్క మా అత్తకు ఆనాడు చెప్పేటోడు లేకపాయె. పదకొండు మందిని కన్న బిడ్డా, నలుగురు దక్కిన్రు" అన్నది.

వేదాద్రి కొంచెం తికమక పడ్డడు గాని, శ్రోతలకు విషయం ఇంతగనం తాకుడు ఆయన కొలువుల ఎన్నడు చూడలే. ఆ ఊపుల ఇంకా రెచ్చిపోయిండు.

యేసమ్మ చెయ్యెత్తింది. ఆయాగ పనిచేసిన ధైర్యం ఆమెకున్నది. "మరి ఎంత ఎడముండాలె సారూ?"

"రెండు చాలు. రెండున్నర అయితే మరీ మంచిది."

"మా దవాఖానల మూడేండ్లు అంటరు."

"మూడు కూడా పెట్టవచ్చు, కాని మరీ ఎక్కువైనా నష్టమేనమ్మా. మధ్యలో ఖాళీ ఎక్కువ ఉంటే కలుపు వచ్చి చేరుతుంది."

సభంత గొల్లున నవ్వింది. "అవు సారూ! మొగోడు ఖాళీగుంటే చేరేది కలుపే!" అన్నది ఎవతో. వేదాద్రి గూడ ఏందో తెల్వకుంటనే నవ్విండు.

అప్పుడు సారవ్వ లేచింది. పదిమందిల ఆమె ఎన్నడు నోరు తెరువలే. "సారూ, ఎడం లేకుంట ఇప్పటికే అయిపోయినోళ్లు ఏం చెయ్యాలె?"

"అదేముందమ్మా? అందులో బలహీనంగా ఉన్నవి చూసి పీకి పారెయ్యడమే."

నవ్వు ఆగిపోయింది. సారవ్వ పిల్లను రొమ్ముకు అదుముకున్నది. లస్మవ్వ కట్టె పట్టుకొని లేచి, "ఏం మాట్లాడుతున్నవు బిడ్డా? నువ్వు తల్లికి పుట్టలేదా?" అని గద్దించింది.

వేదాద్రి బిత్తరపోయి, సంచిల నుంచి ఒక వంకాయ మొక్కను తీసి పైకెత్తిండు. "ఇది, ఇది పీకమంటున్నానండీ! వంగ మొక్క! అడుగులు చెప్తున్నాను నేను. మొక్కకూ మొక్కకూ రెండడుగులు!"

ఎవలు ముందు నవ్విన్రో తెల్వది. నవ్వి నవ్వి కొందరు కింద కూలవడ్డరు. లస్మవ్వ పండ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. యేసమ్మ వేదాద్రి దగ్గెరికి పోయి విషయం మెల్లగ చెప్పితే ఆయన చెవుల కొసలు ఎర్రగైనయి.

సారవ్వ గూడ నవ్వింది. కాని ఆమె నవ్వు జల్ది ఆగిపోయింది. సిగ్గు కాదు, ఒక తీరు కోపం. వంకాయకైతే గాలుండాలె, వెలుతురుండాలె, నేలకు సత్తువుండాలె. దాని కోసం కరీంనగర్ నుంచి సారు వస్తడు, మైకు కడుతరు, బకీటు ఇస్తరు. సారు చెప్పింది చెట్లకైతే ఏంది, అందుల అబద్ధమేమున్నది?

నవ్వులైనంక వేదాద్రి మంచిగనే చెప్పిండు. పుస్తకాల భాష గూడ కొంచెం దిగింది. చెట్లు ఒత్తుగుంటే వేళ్లు ఒకదాని తిండి ఒకటి గుంజుకుంటయని, వెలుతురు కోసం కాడ సాగుతది గాని కాయ పట్టదని, తడి ఆరక తెగులు పడుతదని. దూరం దూరం పెడితే కాయ పెద్దగైతది గాని మొత్తం మీద తూకం తగ్గుతదని. ఆఖరుకు అందరికి తలొక ఎర్ర బకీటు ఇచ్చిండు.

"సారూ, మా తోట ఒకసారి చూడాలె" అన్నది సారవ్వ.

ఆమె ముందు బకీటు పట్టుకొని, వెనుక వేదాద్రి కొలిచే టేపు, కొమ్మలు కోసే కత్తెర పట్టుకొని, ఆయన వెనుక యేసమ్మ, లస్మవ్వ. ఇంటికి వచ్చేసరికి మొగుడు తోటల ఉన్నడన్న సంగతే సారవ్వ మరిచిపోయింది.

వేదాద్రి తోట చూసి "అబ్బో" అని నిలవడ్డడు. ఆకులు రెండు పక్కలకు తీసి తొంగి చూసిండు.

"మొత్తం మూసుకుపోయిందమ్మా. లోపల గాలే ఆడటం లేదు. ఉండండి, కత్తెర పెట్టి మధ్యలో కాస్త కోస్తే..."

తోట లోపల నుంచి ఒక ఒర్రుడు వచ్చింది.

"బకీటు కోసం నన్ను అమ్ముకున్నవానే సారవ్వా!"

ఆకులల్లకెళ్లి ఎల్లేశం లేచిండు. నెత్తి నిండ పురుగులు, మెడకు బెండకాయ నూగు, లుంగీకి టమాట తీగలు. వేదాద్రి కత్తెర కింద పడేసి రెండడుగులు వెనుకకు దుంకిండు. ఎల్లేశం తోట అడ్డంగ పడి ఉరికిండు. చెట్లు పటపట ఇరిగినయి. దడి దుంకి మత్తయి తోటల పడ్డడు. అక్కడ దాగనీకి ఏమున్నది? ఒక మూలకొక వంకాయ చెట్టు, ఇంకో మూలకొకటి. అయినా సరే, మోకాళ్లెత్తున్న టమాట చెట్టు వెనుక కూసొని, కండ్లు మూసుకొని, తను ఎవలకు కనవడుత లేనని నమ్మిండు.

అదే టైముల మత్తయి కీర్తనలన్ని అయిపోయి ఇంటికొచ్చిండు. దడి కాడ టేపు పట్టుకున్న మనిషి, తన తోటల చేతులు జోడించి వణుకుతున్న ఎల్లేశం కనవడ్డరు. ఇస్త్రీ అంగీ, చేతుల బైబిలు, ఆ మర్యాదంత అట్లనే పెట్టుకొని, వెనుకకు తిరిగి చర్చి దిక్కు పరుగో పరుగు.

"మీ ఆయన గూడనే అక్కా" అన్నది సారవ్వ.

"ప్రభువా, ఈ మొగోళ్లను నువ్వే చూడాలె" అన్నది యేసమ్మ.

వేదాద్రి సారు ఛాయ్ తాగి, నీళ్లు తాగి, బస్సుకు ఎల్లిపోయినంక గూడ ఎల్లేశం ఇంట్లకు రాలే. దడి అవతలనే కూసున్నడు. కాలనీ కాలనీ వచ్చి చూసి పోయింది. బాయిల నుంచి మొగోళ్లు తిరిగొచ్చి, తాము గూడ ఉరికినోళ్లమే అన్నది మరిచి, ఎల్లేశం మీద పడి పొట్టలు పట్టుకొని నవ్విన్రు.

పొద్దు గూకినంక వచ్చి గడప మీద కూసున్నడు. సారవ్వ అన్నం పెట్టింది. తినకుంట, "లోపట ఎట్లున్నదో తెలుసానే?" అన్నడు.

"ఏది?"

"తోట. ఆకులన్ని కుళ్లి వాసన. పురుగు నా మెడ మీద నడిసింది. ఒక్క పువ్వు లేదు. పైకి చూస్తే అంత పచ్చగ, కింద అంత సచ్చిపోయింది. నాకే ఊపిరాడలే." కంచం పక్కకు జరిపి, "గంతగనం పెట్టింది నేనేనాయె" అన్నడు.

తెల్లారి సారవ్వ తోటలకు దిగింది. రెండడుగులకు కట్టె ఇరుసుకొని, కొలుసుకుంట, బలమైన చెట్టు ఉంచి పక్కది పీకుకుంట పోయింది. ఎల్లేశం ఆ దిక్కు వీపు పెట్టి కూసున్నడు. ఒక్కో చెట్టు వేరుతోని లేచినప్పుడల్ల చప్పుడుకు ఆయన భుజాలు ఉలిక్కిపడ్డయి.

"మా నాయిన ఇంత జాగ కోసం సచ్చిండే. నువ్వు నడుమ ఉట్టిగ ఇడుస్తున్నవు" అన్నడు.

సారవ్వ చెయ్యి ఆగింది. ఆయన గొంతు అట్ల ఆమె ఎన్నడు వినలే. ఆయన పక్కకు వచ్చి కూసున్నది. చేతులకున్న మన్ను దులుపుకోలే.

"ఉట్టిగ ఎక్కడున్నది? వేరుకు తిండి ఆ మట్టిలనే గద ఉన్నది. చెట్టు అటు చెయ్యి చాపుకుంటది" అన్నది.

ఎల్లేశం లేచి ఆమె చేతుల కట్టె తీసుకున్నడు. తను ఉరికినప్పుడు ఇరిగిన చెట్ల కాడి నుంచి మొదలు పెట్టిండు.

చలి ముదిరేసరికి తోట మారింది. ఎల్లేశం తొక్కుకుంట ఉరికిన ఆ తొవ్వకు రెండు దిక్కులున్న చెట్లే ముందు పూత పట్టినయి. తర్వాత మిగిలినయి. కాయలు మత్తయి కాయలంత పెద్దగ కాలే, కాని గంపలకొద్ది వచ్చినయి. మత్తయి గూడ ఎవలు చూడని పూట తన ఖాళీల మొక్కలు తెచ్చి పెట్టుకున్నడు. ఎవలన్న అడిగితే, "బంగళాల గూడ ఇప్పుడిట్లనే మార్చిన్రట" అన్నడు. మల్లక్క ఒక్కతే పాపం, ఆ వాడకట్టుకు వచ్చుడు తగ్గించింది.

కథ అక్కడ ఆగితే బాగుండు. వెల్ఫేరు సారు వచ్చి తోట చూసిండు. ఎల్లేశంను వంకాయల గంపతోని నిలవెట్టి ఫొటో తీపిచ్చి, 'రెండడుగుల ఎడమే' అన్ని రోగాలకు మందని అప్పటికప్పుడే తేల్చేసిండు. వేదాద్రి ఉంటే వద్దనేటోడేమో, కాని అప్పటికే ఆయనకు వేరే జిల్లాకు బదిలీ అయింది. మళ్ల బుచ్చన్న రిక్షా తిరిగింది. కాలనీల ఏ కూరగాయకైనా రెండడుగుల ఎడం తప్పనిసరి, తప్పితే నల్లా బంద్!

ఏ కూరగాయకైనా అంటే ఏ కూరగాయకైనా. కొత్తిమీరకు రెండడుగులు. మెంతికూరకు రెండడుగులు. ఉల్లాకుకు రెండడుగులు. వెల్ఫేరు సారు మనుషులు టేపు పట్టుకొని క్వార్టరు క్వార్టరు తిరిగి, కొత్తిమీర కాడకు కొత్తిమీర కాడకు కొలిచిన్రు. ఒకలింట్ల అడుగున్నర మీద పాలకూర దొరికితే పెద్ద కేసైంది. కాలనీ మొత్తం కొత్తిమీర కలిపితే ఒక చట్నీకి సాలకపాయె. మల్లక్క బేరం మళ్ల పుంజుకున్నది. గంపల అడుగున కొత్తిమీర, పైన గోనెపట్ట, మొఖం మీద నవ్వు.

అట్లాంటి ఒక పొద్దుగాల సారవ్వ చంటిదానికి పాలిచ్చి, తల దువ్వుకొని, ఉతికిన చీరె కట్టుకున్నది. ఎల్లేశం మొదటి షిఫ్టు లేని రోజది.

"ఎటు?" అన్నడు.

"దవాఖానకు. యేసమ్మక్క తీస్కపోతున్నది."

ఎల్లేశం దిగ్గున లేచిండు. "నన్నైతే కాదు గద?"

"నిన్ను కాదు, నిమ్మలంగ ఉండు. నాకే. పిల్లలు కాకుంట లూపు ఏపిచ్చుకుంట. మూడేండ్లు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం." అనుకున్నదానికన్న గట్టిగ వచ్చింది మాట. "అడుగుత లేను నిన్ను. చెప్తున్న."

ఎల్లేశం నోరు తెరిచిండు. పాపం, దేవుడు, జాగ, అన్ని మాటలు నోట్లెకు వచ్చినట్టే వచ్చినయి. గోడ అవతల తోట దిక్కు చూసిండు. పెండ్లాం దిక్కు చూసిండు. ఆమె చెంప ఎముకలు ఇంతగనం ఎప్పుడు తేలినయో ఆయనకు ఎరుక లేదు.

"నొప్పి ఉంటదా?" అన్నడు ఆఖరుకు.

"ఐదుగురిని కన్న. ఇదెంత?"

"అయితే పిల్లను నా కాడ ఇడిసిపో" అని చేతులు చాపిండు.

దవాఖానల పెద్దగ టైము పట్టలే. డాక్టరమ్మ ఇంటికి పోయి నడుము వాల్చుమన్నది. సారవ్వ తిరిగొచ్చేసరికి ఇంటి పక్కన లొల్లి. టేపు పట్టుకొని వెల్ఫేరు మనిషొకడు తోటల ఒత్తుగ మొలిచిన కొత్తిమీర మడి కాడ కూసున్నడు. ఎల్లేశం చంటిదాన్ని భుజం మీద వేసుకొని, మిగిలిన నలుగురిని వెనుక వేసుకొని వాదిస్తున్నడు.

"అయ్యా, కొత్తిమీర వంకాయ కాదయ్యా! దాని గుణం వేరే. ఏ చెట్టుకు ఎంత జాగ కావాల్నో ఆ చెట్టును అడిగి పెట్టాలె గాని నీ టేపును అడిగితే ఎట్ల?"

"రూల్ అంటే రూల్" అన్నడు ఆ మనిషి.

దడి అవతల నుంచి మత్తయి గొంతు లేచింది. ఇన్నేండ్లల్ల మొదటిసారి ఎల్లేశం దిక్కు నిలవడి, తన ఇంగ్లీషు అంత తీసి ఆ మనిషి మీద కుమ్మరిస్తున్నడు.

సారవ్వను చూసి ఎల్లేశం మాట ఆపి, "బువ్వ వండిన. అడుగంటింది. తిను" అన్నడు.

"మీరు తినుర్రి" అన్నది సారవ్వ. పిల్లలను తప్పుకొని లోపటికి పోయింది. తలుపు దగ్గెరికి వేసింది. చాప పరుచుకొని, చెయ్యి తల కింద పెట్టుకొని, బయట ముగ్గురు మొగోళ్లు కొత్తిమీర మీద కొట్లాడుతుంటే వినుకుంట వినుకుంట నిద్రపోయింది.